తొణకని తొట్టి

ఇరవై ఆరేళ్ల మనిషికి బీపీ ఏమిటండీ? ఆ మాటే అడిగాను డాక్టరమ్మని, కాస్త గట్టిగానే. ఆవిడ నా జబ్బకు చుట్టిన పట్టీ విప్పకుండానే మీటరు వైపు చూసి, "ఇప్పుడింకాస్త పెరిగింది" అంది.

నోరు మూసుకున్నాను. నాకు అలవాటు లేని పని కాబట్టి అదీ కష్టంగానే ఉంది.

నా కోపం సంగతి ముందే చెప్పేస్తే నయం, లేకపోతే మావాళ్లు చెప్పేస్తారు. సైటులో నన్ను టపాకాయ అంటారు. ఆ పేరు పెట్టినవాడి మీద ఒంటికాలి మీద లేచి, పేరు నాకు బాగా సరిపోయిందని నేనే రుజువు చేశాను. అప్పట్నించీ అదే ఖాయమైపోయింది.

నేను చేసేది టవర్ క్రేను పని. అంటే చేయబోయేది. మా సైటులో ఒక పెద్ద భవనం లేస్తోంది. దాని పక్కనే క్రేను, దాని నెత్తిన గాజు క్యాబిన్, అందులో ఒకే ఒక కుర్చీ. చాలాకాలం నేను కిందే ఉన్నాను. బరువులకు గొలుసులు కట్టడం, తెల్ల గ్లవ్స్ వేసుకుని పైనున్న ఆపరేటరుకు చేతులతో సైగలు చేయడం నా పని. అరచెయ్యి పైకి పెట్టి లేపితే ఎత్తమని, బోర్లా పెట్టి దించితే దించమని, పక్కకు చాస్తే అటు తిప్పమని. పైనున్న మనిషికి కింద ఎవరి మొహమూ ఆనదు, తెల్ల గ్లవ్స్ ఒక్కటే కనిపిస్తాయి. గ్లవ్స్ చెప్పినట్టు వినాలి, ఇంకెవరు చెప్పినా వినకూడదు. ఇదీ మా చట్టం.

ఆ తర్వాత నన్ను ట్రైనింగులో పెట్టారు. నేర్పేది పెదనాన్న. ఆయన ఎవరికీ పెదనాన్న కాడు, ఆయన వయసూ పెద్దరికమూ చూసి సైటు మొత్తం అలాగే పిలుస్తుంది. నెలాఖరుకి ఆయన పని మానేసి కూతురి ఊరు వెళ్లిపోతున్నాడు. ఆ కుర్చీ నాకొస్తుందా, బయటినుంచి ఎవరినైనా తెస్తారా అన్నది తేలాలి. రావాలంటే రెండు గండాలు దాటాలి. ఒకటి, డాక్టరు నన్ను ఫిట్ అనాలి. రెండు, సూపర్‌వైజరు పెట్టే నీళ్ల పరీక్ష నెగ్గాలి. కాంక్రీటు మోసే తొట్టిని అంచుదాకా నీళ్లతో నింపి, ఈ చివర ఎత్తి ఆ చివర తొణక్కుండా దించాలి.

ఆ కుర్చీ అంటే నాకు ఎంత ఆశో చెప్పలేను. మొదటిసారి పైకెక్కినప్పుడు నా కాళ్ల కింద గాజు, గాజు కింద గాలి, ఆ కింద అగ్గిపెట్టెలంత లారీలు. భయం వేయలేదు. ఇన్నాళ్లూ ఎక్కడో పెట్టి మర్చిపోయిన వస్తువు దొరికినట్టనిపించింది. ఇంకే పనీ నాకిలా అనిపించలేదు.

కానీ నా చెయ్యి బాగోలేదు. బరువు గాలికి ఊగిందంటే నేను దాని వెంట పడతాను. అది కుడికి పోతే లీవరు కుడికి, ఎడమకు పోతే ఎడమకు. దాంతో అది ఇంకా ఊగుతుంది, నేను ఇంకా పళ్లు కొరుకుతాను. కాసేపు దాని మానాన దాన్ని వదిలితే అదే సర్దుకుంటుందని పెదనాన్న చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాడు. నాకు వినిపించేది, తలకెక్కేది కాదు.

డాక్టరమ్మ అప్పుడే మాత్రలు మొదలుపెట్టనంది. ఉప్పు తగ్గించమంది, పొద్దస్తమానం తాగే కాఫీ తగ్గించమంది, నిద్ర ఎలా ఉందని అడిగింది. నిద్ర అనే వస్తువు ఈమధ్య మా ఇంటి ఛాయలకే రావడం లేదని చెప్పాను. మెడ కూడా పట్టేసింది, అదీ చెప్పాను. రేపట్నించి పరుగెత్తుతాను, ఎంత దూరం కావాలో చెప్పండి అన్నాను.

"పరుగెత్తండి, మంచిదే" అంది ఆవిడ. "కానీ మీకు పరుగెత్తడం ముందే వచ్చు. ఆగడం రావాలి."

ఊపిరి చూసుకుంటూ మెల్లగా ఒళ్లు కదిలించే వ్యాయామాలు ఉంటాయని, అవి ముసలివాళ్లకే అనుకోవద్దని, మీ వయసువాళ్లకు కూడా చాలామందికి బీపీకీ నిద్రకీ మెడనొప్పికీ సాయపడుతున్నాయని చెప్పింది. అందరికీ ఒకేలా పనిచేస్తుందని మాటివ్వను, నష్టం మాత్రం లేదు, నెలాఖరుకి మళ్లీ చూస్తాను అంది. అంతవరకూ పెదనాన్న వెనక నిలబడితేనే నేను లీవరు ముట్టుకోవాలి, ఒంటరిగా కూర్చోకూడదు.

ఇక్కడే నా ఖర్మ కాలింది. ఎందుకంటే ఆ మెల్లటి వ్యాయామం నేర్పే మనిషి మా ఇంట్లోనే ఉంది.

నేనుండేది మా పిన్ని దగ్గర. పిన్ని పగలు స్కూలు బస్సు నడుపుతుంది. సాయంత్రం లాండ్రీ కొట్టు మీది గదిలో ఈ క్లాసు చెప్తుంది. బస్సునిండా పిల్లల్ని వేసుకుని రోజూ తిరిగే మనిషికి పిచ్చెక్కకుండా ఉండటానికి మొదలుపెట్టి, చివరికి తనే టీచరైపోయింది. నన్ను రమ్మని ఎన్నిసార్లు పిలిచిందో లెక్కలేదు. మోకాళ్లు అరిగినవాళ్ల కాలక్షేపానికి నేనెందుకు వస్తానని ప్రతిసారీ వెక్కిరించాను. డాక్టరమ్మ మాట చెప్పినప్పుడు పిన్ని నన్ను ఒక్క మాటా దెప్పలేదు. దెప్పినా బాగుండేది. నా మంచం మీద ఒక వదులు పైజామా మడతపెట్టి వెళ్లిపోయింది.

లాండ్రీ మీద గది కాబట్టి నేల ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. కింద ఇస్త్రీ పెట్టెల ఆవిరి వాసన మెట్లెక్కి వస్తుంది. ఒక గోడకు పెద్ద అద్దం, దాని మూల పగిలి ఉంటుంది. నా పక్కన ఉన్నవాళ్లంతా నెరిసిన తలలవాళ్లే. ఒక మామ్మగారు నన్ను చూసి, ఎవరినైనా తీసుకెళ్లడానికి వచ్చావా అమ్మా అని అడిగింది. కాదండీ, నాకే జబ్బు అన్నాను.

మొదటిరోజు నా పరువు పోయింది. పిన్ని చేతులు లేపడం మొదలుపెట్టింది. అందరి చేతులూ నడుము దాకా వచ్చేసరికి నేను లేపడం, దించడం, తిప్పడం అన్నీ ముగించి చేతులు కట్టుకుని నిలబడ్డాను. "ఇంకేం చెయ్యాలి?" అని అడిగాను. మామ్మగారికి నవ్వాగలేదు.

రెండో తలనొప్పి ఇంకా పెద్దది. పిన్ని అరచెయ్యి పైకి పెట్టి మెల్లగా లేపిందంటే నా కుడిచెయ్యి తనంతట తనే లేని లీవరును వెనక్కి లాగుతోంది. చెయ్యి పక్కకు చాపితే నా ఎడమచెయ్యి క్రేనును అటు తిప్పుతోంది. ఇన్నేళ్ల అలవాటు, ఏం చెయ్యను? అద్దంలో చూస్తే అందరూ మేఘాల్లా కదులుతున్నారు, నేనొక్కదాన్నే గాలిలో గేర్లు మారుస్తున్నాను.

ఇంట్లో మా పిన్ని అంటే పాలు పొంగితే పొయ్యిని తిట్టే మనిషి. ఆ గదిలోకి అడుగుపెట్టగానే ఆ గొంతు ఎక్కడ దాస్తుందో తెలియదు. నా వెనకకు వచ్చి నిలబడి, నడినెత్తి మీద వేలు ఆనించి, "ఇక్కడో దారం ఉందనుకో. పైనుంచి ఎవరో పట్టుకున్నారు. నువ్వు వేలాడుతున్నావు, అంతే" అంది.

దారం ఏమిటి, నాకు క్రేను కొక్కెం తెలుసు. నడినెత్తిన కొక్కెం తగిలించుకున్నాను మనసులో. కొక్కేనికి కట్టిన బరువు ఏం చేస్తుంది? తిన్నగా కిందికి దిగుతుంది. దానికి భుజాలు బిగించుకోవడం రాదు. నా భుజాలు చెవుల దగ్గర్నుంచి జారి వాటి చోట్లో పడ్డాయి. ఇన్నాళ్లూ అవి అంత పైనున్నాయని నాకు తెలియనే తెలియదు. మెడలో ఏదో వదులైంది. సిగ్గుపడకుండా చెప్తున్నాను, కళ్లలో నీళ్లు తిరిగాయి.

అలా మొదలైంది. రోజూ సాయంత్రం క్లాసు, పొద్దున్నే వంటింట్లో కాసేపు. కొన్నాళ్లకు నిద్ర వచ్చింది. వచ్చిందంటే మామూలుగా కాదు, తలుపు గొళ్లెం పెట్టుకున్నానో లేదో గుర్తు రాకముందే వచ్చేసేది. మెడ తిరగడం మొదలైంది. అన్నింటికంటే వింత, క్యాబిన్‌లో ఒక సంగతి పట్టుకున్నాను. బరువు దించేటప్పుడల్లా నేను ఊపిరి బిగబడుతున్నాను. బరువు నేలను తాకేదాకా నాలో గాలి ఆడటం లేదు. ఇలాగైతే బీపీ రాక ఏమొస్తుంది? నా అవతారానికి నాకే నవ్వొచ్చింది. లారీవాడు గేటు దగ్గర అడ్డంగా ఆపినా నేను మామూలుగా పక్కకు తియ్యమంటే, సూపర్‌వైజరు నన్ను ఎగాదిగా చూసి ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు.

అంతా బాగుందనుకునేలోపు కొంప ముంచుకున్నాను.

ఆ రోజు పైకీ కిందికీ మాట్లాడుకునే రేడియో బ్యాటరీ అయిపోవడంతో పొద్దుటినుంచీ ఒట్టి సైగల మీదే పని నడుస్తోంది. ఆ పూట కింద గ్లవ్స్ నావి, పైన పెదనాన్న. భోజనాల వేళ దగ్గరపడింది. కొక్కేనికి ఖాళీ తొట్టి వేలాడుతోంది. ఆపమని సైగ చేసి, ఇనప చువ్వల కట్టల వెనక నీడలోకి వెళ్లాను. భోజనం గంట కొట్టేలోపు కాస్త కదులుదాం అనుకున్నాను. కొక్కెం నడినెత్తికి తగిలించుకున్నాను, పిన్ని చెప్పినట్టు కళ్లు సగం మూశాను, చేతులు లేపాను.

గ్లవ్స్ తియ్యలేదు. నా తలకాయ.

అరచేతులు పైకి పెట్టి మెల్లగా లేపాను. కాసేపు అలా ఉంచాను. ఎడమచెయ్యి పక్కకు చాపి, నడుముతో పాటు మెల్లగా తిరిగాను. తర్వాత అరచేతులు బోర్లించి, నీళ్ల మీద ఒత్తినట్టు దించుతూ వచ్చాను. ఎంత హాయిగా ఉందంటే ఒళ్లు ఉందో లేదో తెలియలేదు. ఎక్కడో ఏదో ఆనినట్టు చిన్న చప్పుడు, ఆ వెంటనే తలుపు బాదుతున్న చప్పుడు.

కళ్లు పూర్తిగా తెరిచాను. కాంక్రీటు తొట్టి సూపర్‌వైజరు ఆఫీసు గుమ్మం ముందు ముద్దుగా కూర్చుని ఉంది. ఆయన ఆఫీసంటే ఒక ఇనప గది, తలుపు బయటికి తెరుచుకుంటుంది. ఇప్పుడు తెరుచుకోదు. కిటికీ ఊచల్లోంచి ఆయన మొహం కనిపిస్తోంది, అగ్గి మీద గుగ్గిలంలా ఉంది. కూలీలంతా కంచాలు పట్టుకుని వచ్చి చుట్టూ నిలబడ్డారు. నేను మళ్లీ సరైన సైగ చేసి తొట్టిని లేపించేదాకా ఆయన లోపలే ఉన్నాడు, ఆ కాసేపట్లో నా వంశవృక్షం మొత్తం తిరగేశాడు.

ఆయన కోపంలో తప్పు లేదు. దారిలో మనిషెవడైనా ఉంటే? ఆ ఆలోచన నాకు అప్పుడు వచ్చింది, ఆలస్యంగా. పెదనాన్న కిందికి దిగి వచ్చాడు. "కొక్కేనికి తొట్టి ఉండగా సైగ చేసే మనిషి పక్కకు పోవడం ఈమె తప్పు, ఈమె ఎక్కడ నిలబడిందో చూడకపోవడం నా తప్పు" అన్నాడు. తర్వాత సూపర్‌వైజరు వైపు తిరిగి, "కానీ బాబూ, ఇన్నేళ్లలో ఇంత స్పష్టంగా నాకెవరూ చెయ్యి చూపించలేదు. ఎత్తమంది, తిప్పమంది, నీ గుమ్మంలో దించమంది. కాదనడానికి నాకేం కనిపించలేదు" అన్నాడు.

కూలీలు గొల్లుమన్నారు. సూపర్‌వైజరు నవ్వలేదు. గ్లవ్స్ వేసుకుని నిద్రపోయే మనిషికి కుర్చీ ఇవ్వాలా అని నన్ను చూసి అడిగాడు. పరీక్ష పెడతాను, కానీ తొట్టి దించేది ఆ చివర కాదు, ఇదే గుమ్మం ముందు, ఇదే చోట; గడప తడిసిందంటే కుర్చీ మాట మళ్లీ ఎత్తొద్దు అన్నాడు.

ఆ సాయంత్రం క్లాసుకు వెళ్లనన్నాను. ఈ దిక్కుమాలిన వ్యాయామం వల్లే నా బతుకు బజారున పడిందని పిన్ని మీద ఎగిరాను. పిన్ని అంతా విని, తొట్టి దారిలో ఎంత ఊగిందని అడిగింది. నేను చూస్తేగా! ఫోన్ చేసి పెదనాన్నను అడిగాను, విసుగ్గానే.

"ఇప్పుడా అడగడం?" అన్నాడు ఆయన. "ఊగలేదమ్మా. నీ చెయ్యి ఎంత మెల్లగా కదిలిందో నా చెయ్యీ అంతే మెల్లగా కదిలింది. ఇంక అది ఎందుకు ఊగుతుంది? ఆ చెయ్యే లీవరు మీద పెట్టు."

ఫోన్ పెట్టేసి, పైజామా ఎక్కడ పెట్టావని పిన్నిని అడిగాను.

నెలాఖరుకి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మొదటిసారి కొలిస్తే కాస్త ఎక్కువే చూపించింది. మెట్లు పరుగున ఎక్కొచ్చాను, పాత బుద్ధి. ఆవిడ మీటరు పక్కన పెట్టి, కాసేపు కూర్చోమంది. కూర్చున్నాను. కొక్కెం, భుజాలు, ఊపిరి. మళ్లీ కొలిచింది, కొంచెం ఆగి మరోసారి కొలిచింది, రెండుసార్లూ తగ్గే ఉంది. ఉప్పు తగ్గించినందుకా, నిద్రపోయినందుకా, వ్యాయామానికా అని అడిగితే, మూడూ కలిసే అయ్యుంటాయి, దేన్నీ మానొద్దు అంది. పైకి ఎక్కొచ్చు అని కూడా అంది. ఆవిడను వాటేసుకున్నాను. ఆవిడకు ఆ అలవాటు లేనట్టుంది, పాపం, బిగుసుకుపోయింది.

పరీక్ష రోజు పొద్దున గాలి ఉంది. మరీ పని ఆపేంత కాదు, నన్ను ఏడిపించేంత. క్యాబిన్‌లో నేనొక్కదాన్నే. నా వెనక పెదనాన్న లేడు, కింద తెల్ల గ్లవ్స్ వేసుకుని నిలబడి ఉన్నాడు. అంచుదాకా నీళ్లున్న తొట్టి ఎండకు మెరుస్తోంది. గుమ్మం పక్కన సూపర్‌వైజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చువ్వల అవతల కూలీలంతా గుంపుగా చేరారు.

గ్లవ్స్ లేచాయి. ఎత్తాను. గ్లవ్స్ పక్కకు చాచుకున్నాయి. తిప్పాను. ఆయన చేతులు నా కోసమే కాస్త మెల్లగా కదులుతున్నాయని తెలిసింది. అంతా బాగానే సాగి, సరిగ్గా గుమ్మం మీదికి వచ్చాక ఒక గాలి దెబ్బ కొట్టింది. తొట్టి అటొకసారి, ఇటొకసారి ఊగింది. నీళ్లు అంచుదాకా వెళ్లి వెనక్కి వచ్చాయి. నా కుడిచెయ్యి లీవరును బిగించి పట్టుకుంది, ఊపిరి మళ్లీ బిగబట్టాను. వెంటపడు, వెంటపడు అంటోంది ఒళ్లంతా.

రేడియోలో సూపర్‌వైజరు గొంతు వినిపించింది. "ఏం చూస్తున్నావ్ అక్కడ? దించు."

గ్లవ్స్ మాత్రం కదల్లేదు, ఆగమన్నట్టు నిలబడి ఉన్నాయి. నాకు కోపం వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది, మెడదాకా ఎక్కింది, అక్కడ భుజాలు ఎప్పట్లా బిగుసుకుని లేకపోవడంతో దానికి కూర్చునే చోటు దొరకలేదు. నడినెత్తిన కొక్కేన్ని తలుచుకున్నాను. ఊపిరి వదిలాను. కింద తొట్టి ఊగుతోంది, పైన నేను ఊగడం లేదు. చూస్తూ కూర్చున్నాను. రేడియో ఇంకా ఏదో అంటూనే ఉంది. తొట్టి ఊగడం చిన్నదైంది, ఇంకా చిన్నదైంది, చివరికి దాని మానాన అదే నిలబడింది.

గ్లవ్స్ బోర్లా తిరిగి, నీళ్ల మీద ఒత్తినట్టు కిందికి దిగాయి. నేనూ దించాను. తొట్టి గుమ్మం ముందు కూర్చుంది.

సూపర్‌వైజరు వంగి గడప మీద అరచెయ్యి రాశాడు. చెయ్యి తిప్పి చూసుకున్నాడు. తర్వాత రేడియో నోటి దగ్గర పెట్టుకుని, "పొడిగానే ఉంది" అన్నాడు. కొంచెం ఆగి, "కుర్చీ ఎత్తు సరిచేసుకో, అది పెదనాన్న కాళ్లకు పెట్టింది" అన్నాడు.

కింద కూలీలంతా ఒకేసారి చేతులు లేపారు. చప్పట్లు కాదు. హెల్మెట్లు పెట్టుకున్న ఆ గుంపంతా వరసగా నిలబడి, అరచేతులు పైకి పెట్టి, నన్ను వెక్కిరిస్తూ మెల్లగా, మహా మెల్లగా లేపుతున్నారు. ఎత్తమని సైగ. పెదనాన్న వాళ్లను చూశాడు. తన తెల్ల గ్లవ్స్ ఒక్కొక్కటీ తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు తనూ వాళ్ల పక్కన నిలబడి ఒట్టి చేతులు లేపాడు.

అన్ని చేతులు ఎత్తమంటున్నాయి. నా చెయ్యి లీవరు మీదే ఉంది. కదల్లేదు. గాజులోంచి వాళ్లు మసకగా కనిపించడం మొదలైంది, నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది.

కళ్లు తుడుచుకుని పిన్నికి ఫోన్ చేశాను. వెనక బస్సులో పిల్లల గోల వినిపిస్తోంది, బండి ఎక్కడో ఆపి ఉన్నట్టుంది. ఏమైందే అని అడిగింది, గొంతులో భయం.

"ఆగాను పిన్నీ" అన్నాను.

పిల్లల గోలలోనే పిన్ని ముక్కు చీదడం వినిపించింది. తర్వాత సాయంత్రం క్లాసుకు ఆలస్యం చెయ్యొద్దని, వచ్చేటప్పుడు పాలు తెమ్మని చెప్పి ఫోన్ పెట్టేసింది.